బొటనవేలి మీది మచ్చ

నాంపల్లి
5 జూన్ 1938, ఆదివారం

తమ్ముడు ప్రేమ్‌రాజ్‌కు అన్న ప్రభుదాస్ తన చేత్తో రాయునది.

ముప్ఫై ఏళ్లయింది. నువ్వు మరిచిపోయి ఉంటావు. నేను మరువలేదు. మూసీకి పెద్ద వరద వచ్చిన ఏడు, క్రిస్మస్ నాడు, మూడేళ్ల రత్నమణిని చంకన వేసుకొని మన గుండ్లపల్లి గుడికి బాప్తిస్మానికి తెచ్చాను. మీ వదిన మేరమ్మ పక్కన నిలబడింది. గుడి రిజిస్టర్ రాసేవాడివి నువ్వే. తండ్రి పేరు రాసే చోట నీ కలం జరసేపు ఆగింది. తర్వాత ఏదో రాశావు. నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు. ప్రభుదాస్ అని రాశావనుకొని ఊరంతా బెల్లం పంచాను.

ఆ తర్వాత నాలుగేళ్లకు బిడ్డను బడిలో వేయబోతే రిజిస్టర్ నకలు తెమ్మన్నారు. పంతులమ్మ చదివి చెప్పింది. 'తల్లిదండ్రులు తెలియదు' అని రాశావట. ఎందుకు తెలియదురా? వరద తగ్గినాక అఫ్జల్‌గంజ్ దిక్కు చింతచెట్టు కొమ్మల నుంచి ఆ పిల్లను దింపింది నేను. జ్వరమొస్తే పన్నెండు రోజులు కూర్చున్నది మేరమ్మ. నీ ఎదురుగానే ఇద్దరం నిలబడి ఉంటిమి. ఆ రోజు నుంచి నీతో పెళ్లిళ్లకు, చావులకు తప్ప మాట్లాడలేదు. మేరమ్మను మట్టి చేసిన నాడు నువ్వు వచ్చావు. అప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఎందుకంటే దవాఖానలో డాక్టరు నా గుండె పెద్దదయిందన్నాడు. పెద్దదయితే మంచిదే కదా అన్నాను. ఆయన నవ్వలేదు. రెండు మెట్లెక్కితే రొప్పు వస్తుంది. ఇరవై రెండేళ్లు నాంపల్లి స్టేషన్లో రైలు పట్టాలు మార్చిన చేయి ఇప్పుడు నిండు చెంబు లేపలేదు.

రత్నమణికి ముప్ఫై మూడేళ్లు. పెళ్లి వద్దన్నది, నేను బలవంతం చేయలేదు. ముందర అర్రలో మిషను పెట్టుకొని అబిడ్స్ దర్జీ దుకాణాలకు కోట్లు కుడుతుంది. పక్కింటి రాజయ్య అన్నాడు, "కాయితం లేకుంటే పెంచుకున్న బిడ్డకు ఏం రాదు ప్రభుదాసూ. నువ్వు కన్ను మూసిన తెల్లారి నీ తమ్ముడొచ్చి తాళమేస్తడు" అని. అందుకే వీలునామా రాయించాలని వకీలు కోసం తిరుగుతున్నాను. నెల రోజులైంది.

అబిడ్స్‌లో గడియారాల దుకాణం మీద ఒక వకీలు ఉన్నాడు. ఆయన నౌకరు నన్ను మెట్ల మీదనే ఆపాడు.
"ఏం పని?"
"వీలునామా."
"ఎన్ని ఇండ్లున్నయి?"
"ఒకటి."
"ఎన్నర్రలు?"
"రెండు."
"రెండర్రలకు వకీలు సాబెందుకయ్యా? నోటితోని చెప్పి చచ్చిపోరాదూ!"
వాడి చెంప మీద కొట్టేవాణ్ణి. రొప్పు వచ్చి కూర్చున్నాను. వాడే నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగాల్సి వచ్చింది.

రెండో వకీలు హిందువా ముసల్మానా అని అడిగాడు. కిరస్తానీని అన్నాను. "మీ వారసత్వం సంగతి నాకు తెల్వది. సికింద్రాబాద్ పో, అది ఇంగ్లీషోళ్ల ఇలాఖ" అన్నాడు. పోయాను. అక్కడి వకీలు "నీ ఇల్లు నాంపల్లిల ఉన్నది, అది నిజాం ఇలాఖ. ఆడనే అడుగు" అన్నాడు. నేను ఎవరి ఇలాఖలో చావాలో ఎవరూ చెప్పరు. కచేరీ వరండాలో కూర్చొని అర్జీలు రాసేవాడొకడు పేరైనా అడగకుండానే ఉర్దూలో రాయడం మొదలుపెట్టాడు. నాకు చదవరాని కాయితం నాకొద్దని లేచి వచ్చాను.

నువ్వు బడిపంతులుగా చేసినవాడివి. నీకు చదువుకున్నవాళ్లు తెలుసు. ఒక్క మంచి వకీలు పేరు చెప్పు. నిన్ను ఇది అడగాలని నాకు లేదు. అడుగుతున్నాను.

ప్రభుదాస్

(ఈ సంతకం నాదే. పించను తీసుకున్నాక రత్నమణి అక్షరాలు నేర్పింది.)


గుండ్లపల్లి
14 జూన్ 1938

పూజ్యులైన అన్నగారికి తమ్ముడు ప్రేమ్‌రాజ్ అనేక వందనములు. ఇక్కడ అందరము దేవుని దయవల్ల ఉన్నాము. వానలు ఇంకా పడలేదు. నా కళ్లకు శుక్లాలు ముదిరినవి. గీతలు వంకరగా పోయిన చోట క్షమించండి.

రిజిస్టర్ సంగతి మీరు ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నారని నాకు తెలియదు. ఆ రోజు నా వెనుక మిషన్ దొర నిలబడి ఉన్నాడు. కన్నవాళ్ల పేరే రాయాలి, పెంచినవాళ్ల పేరు రాయకూడదని ఆజ్ఞ. నా కలం ఆగింది అందుకే. మీరు అది చూశారు. దొర నోరు మీరు చూడలేదు.

గన్‌ఫౌండ్రీలో శ్యామ్‌సుందర్ అని ఒక వకీలు ఉన్నారు. మా బడిలో చదివిన వామన్‌రావుకు మేనమామ. కులమతాలు చూడకుండా పని చేసే మనిషి. తెలుగు బాగా వచ్చు. పొద్దున ఎనిమిది లోపల పోండి, నా పేరు చెప్పండి. ఇంటి కాయితం తప్పక తీసుకొని పోండి.

ఒక మాట. మీరు ఇంత ఫికర్ పడవలసిన పని లేదు. మీ తరువాత రత్నమణికి మేము లేమా? ఆమె వచ్చి మా ఇంట్లో ఉండవచ్చు. మీ మరదలికి కూడా ఇప్పుడు చేతులు పట్టేస్తున్నవి, ఇంట్లో ఒక మనిషి తోడుంటే బాగుంటుంది.

మీ మందులు మానకండి.

విధేయుడు
ప్రేమ్‌రాజ్


నాంపల్లి
3 జూలై 1938, ఆదివారం

ప్రేమ్‌రాజ్‌కు.

తమ్ముడు అని రాయడానికి చేయి రాలేదు.

ముందు మరదలి చేతుల సంగతి. రత్నమణి నీ ఇంట్లో గిన్నెలు తోమడానికి పుట్టలేదు. ఆమె కుట్టిన కోటు వేసుకొని జడ్జీలు కోర్టుకు పోతున్నారు. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

ఇప్పుడు అసలు సంగతి. నీ శ్యామ్‌సుందర్ వకీలు దగ్గరికి పోయాను. మంచి మనిషే. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఈ రెండు నెలల్లో కుర్చీ చూపించినవాడు ఆయనొక్కడే. పెట్టెలో మేరమ్మ పెళ్లి చీర కింద ఇరవై ఏడేళ్లు దాచిన ఇంటి కాయితం ఇచ్చాను. అది ఉర్దూలో ఉంటుంది, నీకు తెలుసు. చదివాడు. అద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాడు.

"పెద్దాయనా, ఇంట్ల ఎవలుంటున్నరు?"
"నేనే. ఇరవై ఏడేండ్ల సంది."
"మరి ప్రేమ్‌రాజ్ ఎవలు?"
"నా తమ్ముడు. మీ పేరు చెప్పింది ఆయనే."
"గాయనేనా! ఇల్లు గాయన పేరు మీద ఉన్నది."
"సరిగ్గ సూడుండ్రి."
"రెండుసార్లు సూసిన. నీ పేరు దీంట్ల యాడ లేదు. లేని ఇల్లు నువ్వు ఎవలికి రాసిస్తవు?"

ఆయన మున్షీని పిలిచి చదివించాను. నమ్మలేదు. కిందికి దిగి, రోడ్డు మీద అత్తర్లు అమ్మే ఒక ముసలాయనతో చదివించాను. ముగ్గురూ నీ పేరే చదివారు. అత్తరు ముసలాయన నా మొహం చూసి, కూర్చోమని తన పీట ఇచ్చాడు.

రిజిస్టర్‌లో ఉండవలసిన నా పేరు తీసేశావు. కాయితంలో ఉండవలసిన నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకున్నావు. కాయితం తీసుకొని పొమ్మని నువ్వే రాశావు. నేను వకీలు ముందు తలదించుకోవాలనే రాశావా? చదువు రానివాడని ఒక మనిషిని రెండుసార్లు ముంచుతారా?

రాజయ్య చెప్పింది నిజమయింది. ఒక్కటే తప్పు. నువ్వు తాళం నేను చచ్చినాక వేయలేదు, ముందే వేశావు.

రత్నమణికి ఇంకా చెప్పలేదు. వకీలు ఏమన్నాడని అడిగింది. వానకాలం పోనీయమన్నాడని అబద్ధం చెప్పాను.

ప్రభుదాస్


గుండ్లపల్లి
12 జూలై 1938

అన్నగారికి వందనములు.

మీ ఉత్తరం అందినది. రెండుసార్లు నేనే చదివాను, కళ్లు అలిసి మూడోసారి మా అబ్బాయి దేవదానం చదివాడు. వాడు తాలూకా కచేరీలో గుమాస్తా, మీకు తెలుసు కదా. వాడు చదవకుండా ఉంటే బాగుండేది.

మీరు మరిచిపోయారు. నేను జ్ఞాపకం చేస్తాను. మీరు ఇల్లు కొన్న రోజు రిజిస్ట్రేషన్ కచేరీకి మనమిద్దరం పోయినాము. మీ వంతు వచ్చింది. సంతకం వచ్చా అని అడిగారు, రాదన్నారు. ఎడమ బొటనవేలికి సిరా పూస్తామన్నారు. మీరు చేయి వెనక్కి లాక్కున్నారు. "స్టేషన్ల దొంగలను పట్టుకుంటే వేలిముద్రలు తీస్తరు. నేను దొంగనా?" అని అంతమంది ముందర కేకలేశారు. గుమాస్తాలు నవ్వారు. మీరు నా దిక్కు తిరిగి "తమ్మీ, నీకు సంతకం వస్తది. నీ పేరే రాయి. నీదొకటి నాదొకటా? నాకు డ్యూటీ ఉన్నది" అని పోయారు. నేను ఆపితే చేయి విదిలించారు.

మరుసటి ఏడు నేను మీకు ఉత్తరం రాశాను. ఇల్లు నా పేరున ఉండడం నాకు భయంగా ఉంది, నాకు పిల్లలు పుడుతున్నారు, వచ్చి మార్పించుకోండి అని రాశాను. జవాబు రాలేదు. మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను. మళ్లీ అడిగితే, ఇంట్లోంచి పొమ్మంటున్నాననుకుంటారని అడగలేదు. నేను చేసిన తప్పు అది ఒక్కటే.

ఇల్లు మీది. నేను వచ్చి ఎక్కడ సంతకం చేయమంటే అక్కడ చేస్తాను. ఆగస్టులో నా కళ్లకు ఆపరేషన్ ఉన్నది. అది కాగానే వస్తాను.

చిన్నప్పుడు నా వేలు తెగినందుకే నేను బడిలో పడ్డాను. లేకుంటే నేను పట్టాల మీద, మీరు బల్ల ముందర ఉండేవాళ్లమేమో. ఆ సంగతి నేను ఎన్నడూ మరువలేదు.

విధేయుడు
ప్రేమ్‌రాజ్


నాంపల్లి
31 జూలై 1938, ఆదివారం

తమ్ముడు ప్రేమ్‌రాజ్‌కు.

నువ్వు రాసిన ఆ పాత ఉత్తరం దొరికింది. పెట్టె అడుగున ఉంది. కవరు చింపనే లేదు. ఆ నెలలోనే పంతులమ్మ రిజిస్టర్ నకలు చదివి చెప్పింది. నీ మీద మండిపోతున్నాను. నీ ఉత్తరం వస్తే సాకులు రాసి ఉంటావనుకున్నాను. దాన్ని చదివి పెట్టమని ఒకరిని అడగడం నాకు చేతకాదు. పెట్టెలో పడేశాను. ఇరవై ఆరేళ్లకు నేనే చింపి నేనే చదివాను. నీది గొలుసుకట్టు రాత. నాలుగు రోజులు పట్టింది. నువ్వు చెప్పినట్లే ఉంది.

వేలిముద్ర సంగతి కూడా నిజమే. నేనే అట్ల అన్నాను. గుమాస్తాలు నవ్విన నవ్వు గుర్తుంది. నీ పేరు రాయమన్న మాట మరిచిపోయాను. దాని గురించి ఇంకేం రాయను.

నువ్వు సంతకం పెడతానన్నది చదివి మళ్లీ వకీలు దగ్గరికి పోయాను. శ్యామ్‌సుందర్ అన్నాడు, "అయితే వీలునామా పనే లేదు. నీ తమ్ముడే నేరుగ గా బిడ్డకు దానపత్రం రాసిస్తే అయిపాయె. ఒక్క కాయితంతోని రెండు పనులు." నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఇంకోటి అడిగాడు. "గామె ఎవలి బిడ్డ అని రాయాలె?" అన్నాడు. ఆయనే అన్నాడు, "రాసిచ్చేటాయన ఎట్ల చెప్తే గట్ల రాస్తం."

అంటే ఇప్పుడు నువ్వే చెప్పాలి. వెనక దొర లేడు. రిజిస్టర్ కాదు. నువ్వు వచ్చి వకీలు ముందర 'ప్రభుదాస్ బిడ్డ రత్నమణికి' అని చెప్పి రాయించు. ఇల్లు కన్నా నాకు ఆ రెండు మాటలు ఎక్కువ.

సెప్టెంబర్ 12 సోమవారం రోజు పెట్టుకున్నాం. స్టేషనుకు నేనే వస్తాను. గేటు దగ్గర ఇప్పటికీ నన్ను లోపలికి పోనిస్తారు.

రత్నమణికి చెప్పాను. ఇల్లు నీ పేరున ఉందని విని ఆమెకు కోపం రాలేదు. "చిన్నాయన ఇన్నేండ్లు అడగలేదు గద నాయనా. గాయన మంచోడే" అన్నది. నీ కొలతలు పంపమంటున్నది. కోటు కుడుతుందట.

కళ్లు జాగ్రత్త.

అన్న ప్రభుదాస్


గుండ్లపల్లి
6 సెప్టెంబర్ 1938

మహారాజశ్రీ పెదనాన్నగారికి, నాయనగారు చెప్పగా కుమారుడు దేవదానం వ్రాయునది.

నాయనగారికి ఆపరేషన్ జరిగినది. చీము పట్టి రెండు కళ్ల చూపు పోయినది. లేచి తిరుగుట లేదు. కావున 12వ తేదీ ప్రయాణము కుదరదు.

ఇల్లు నాయనగారి పేరున క్రమముగా రిజిస్టర్ అయి ఉన్నందున తొందరపడవలసిన అవసరము కనిపించదు. ఇట్టి విషయములు కుటుంబములోని మగవారందరు కూర్చుండి ఆలోచించదగినవి. తమరు బ్రతికి ఉన్నన్నాళ్లు అందులో ఉండుటకు మాకు ఎట్టి అభ్యంతరము లేదు. రత్నమణిగారి సంగతి కూడ సమయము వచ్చినప్పుడు మరువము.

అసలు కాయితము మా వద్ద ఉండుట క్షేమము. రిజిస్టర్ టపాలో పంపగలరు.

ఇట్లు
ప్రేమ్‌రాజ్
(చేవ్రాలు: దేవదానం)


నాంపల్లి
2 అక్టోబర్ 1938, ఆదివారం

తమ్ముడు ప్రేమ్‌రాజ్‌కు అన్న ప్రభుదాస్ రాయునది.

ఇది నీకు దేవదానం చదివి వినిపిస్తాడు. వేరే దారి నాకు లేదు. దేవదానం, ఒక్క మాట వదలకుండా చదువు. నిన్ను తిట్టిన చోట కూడా చదువు. తక్కువే తిట్టాను.

తమ్మీ, నీ చూపు పోయిందని విని రెండు రోజులు అన్నం తినలేదు. అక్కడికి రావాలని స్టేషను దాకా పోయాను. మెట్ల మీద పడ్డాను. మా పాత గార్డు మల్లయ్య రిక్షాలో ఇంటికి తెచ్చాడు. డాక్టరు మంచం దిగవద్దన్నాడు. దిగుతున్నాను, గోడ దాకా.

పోయిన ఉత్తరం నీది కాదు. కింద నీ పేరుంది, లోపల నువ్వు లేవు. నువ్వు రత్నమణిని 'గారు' అని ఎన్నడూ అనలేదు. నన్ను బతికి ఉన్నన్నాళ్లు ఉండమని నా ఇంట్లోనే నాకు సెలవివ్వవు. నువ్వు చెప్పింది ఒకటి, వాడు రాసింది ఒకటి అయి ఉంటుంది. అది నీకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది? ఆ కాయితం నీ చేతిలో పెట్టినా నీకు అన్నీ ఒకటే. నేను అట్లనే బతికాను తమ్మీ. యాభై ఐదేళ్లు. ఎవరు ఏం రాస్తే అదే నా మాట అనుకొని బెల్లం పంచాను. నీకు ఆ బతుకు రావద్దు అనుకున్నాను. వచ్చింది.

దేవదానం, ఇక్కడ ఆపకు. నేను నిన్ను దొంగ అనడం లేదు. మీ నాయనను కూడా ఒక నెల అన్నాను, తప్పయింది. నువ్వు నీ పిల్లల కోసం చూసుకుంటున్నావు. నేను నా పిల్ల కోసం చూసుకుంటున్నాను. కానీ నా పిల్లకు ఇంకెక్కడా రాత లేదు. చదువు.

శ్యామ్‌సుందర్ మొన్న ఇంటికే వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. "కండ్లు లేకున్నా పరవాలేదు. మీ తమ్ముని ఇష్టం ఉంటే రిజిస్ట్రారును ఆయన ఇంటికే తోల్కపోయి వేలిముద్ర తీపిస్త. ఇష్టం లేకుంటే నాతోని ఏం కాదు పెద్దాయనా. నేను వకీలును, మంత్రగాణ్ణి కాదు" అన్నాడు. అంటే నాకు కావలసింది నీ ఇష్టం ఒక్కటే. అది రాతలో వద్దు. రాత ఎవరిదో నాకు తెలియదు.

జొన్న కోతలప్పుడు నీ ఎడమ బొటనవేలు తెగింది కదా. మన నాయనకు నువ్వు రాయి మీద పడ్డానని చెప్పావు. కొడవలి నా చేతిలోది. పక్క చాలు కోస్తూ నేను చూడలేదు. నీకు ఎనిమిదేళ్లు, ఏడుస్తూనే అబద్ధం చెప్పావు. నేను నిన్ను భుజాన వేసుకొని మిషన్ దవాఖానకు ఉరికాను. చేయి మానేదాకా బడిలో కూర్చోనీయమన్నది అక్కడి దొరసాని. నువ్వు ఆ బడిలోంచి మళ్లీ రాలేదు. ఆ సంగతి నేను మేరమ్మకు కూడా చెప్పలేదు. ఇప్పుడు నీ కొడుకు నోటితో నీకు చెబుతున్నాను.

ఆ వేలి మీద మచ్చ అడ్డంగా ఉంటుంది, గోరు దిక్కు జర వంకర తిరిగి. అది నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. ఇంకెవరి వేలికీ ఉండదు.

కవరులో ఒక ఖాళీ కార్డు పెట్టాను. నా పేరు, నాంపల్లి చిరునామా రత్నమణి రాసింది. ఇంకేం రాయవద్దు. నీకు ఇష్టం ఉంటే నీ ఎడమ బొటనవేలికి సిరా పూయించుకొని దాని మీద పెట్టు. మచ్చ కనిపిస్తే ఆ రోజే వకీలును బయలుదేర్పిస్తాను. ఇష్టం లేకపోతే ఖాళీ కార్డే పంపు. నేను నిన్నేమీ అనను. రత్నమణికి మాత్రం నా బిడ్డవే అని నోటితోనే చెప్పిపోతాను, గడియారాల దుకాణం మీద నౌకరు చెప్పినట్లు.

రత్నమణి పక్కనే కూర్చుంది. "నాయనా, ఇల్లు లేకుంటే కిరాయి ఇంట్ల ఉంట. చిన్నాయనను గోస పెట్టకు" అంటున్నది. నీ కోటు అయిపోయింది. కొలతలు రాలేదు, నన్ను చూసి కుట్టింది. చేతులు పొడుగయితే మడుచుకో. కోటు వేరే టపాలో వస్తుంది. కార్డు పంపినా పంపకపోయినా కోటు నీదే.

ఈ ఉత్తరం కింద నేను సంతకం చేయలేదు. నాకు సంతకం వచ్చు. అయినా చేయలేదు. రత్నమణితో సిరా పూయించుకొని ఎడమ బొటనవేలు పెట్టాను. ఆ రోజు కచేరీలో పెట్టనిది. నువ్వు చూడలేవు, తడిమినా తెలియదు. దేవదానం, ముద్ర ఉన్నదని మీ నాయనకు చెప్పు. నల్లగా, పూర్తిగా ఉన్నదని చెప్పు.

మేము రోజూ రెండు టపాలు చూస్తున్నాము. ఈ గుండె ఎన్నాళ్లు ఆగుతుందో తెలియదు, నీ కార్డు అక్టోబర్ పదిహేను, శనివారం సాయంత్రం టపా లోపల నాకు అందాలి.